మంచు మీద గొంతుపెట్టె

"ఈ బోర్డు చూడమ్మా, లైట్లు ఏడు రంగులు మారతాయి," అంటూ గవర్రాజు అద్దాల బీరువాలోంచి మదర్‌బోర్డు తీసి బల్లమీద పెట్టాడు.

"మా అమ్మ నెత్తిమీద జాతర చేయిస్తానా లైట్లు పెట్టి?" అంది పైడితల్లి. "వేగం పెంచితే తట్టుకునే బోర్డు చూపించమన్నాను. లైట్లు మీ గుమ్మానికి కట్టుకోండి."

గవర్రాజు నొచ్చుకోలేదు. విశాఖపట్నంలో కంప్యూటర్ సామాన్ల దుకాణం పెట్టాక ఎందరి నోళ్ళలోనో పడ్డాడు. పైగా దిబ్బరేవు నుంచి వచ్చే ఈ అమ్మాయి నోరు అతనికి కొత్త కాదు. పాలిటెక్నిక్ చదివి, పేటలో టీవీలూ కంప్యూటర్లూ బాగుచేసుకుంటూ, విడిభాగాలకి అతని దగ్గరికే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఏదో తగువే. ఇవాళ మాత్రం ఆమె చెవులు కూడా ఎర్రబడి ఉన్నాయి.

ఎర్రబడవా మరి? ముందురోజే ఆమె గొంతుపెట్టె మూత విప్పి లోపల ఏముందో చూసింది.

గొంతుపెట్టె అని పేరు పెట్టింది ఆమె మేనమామ యర్రయ్య. కంపెనీవాళ్ళు దానికేదో సంస్కృతం పేరు పెట్టుకున్నారు గానీ పేటలో ఎవరికీ నోరు తిరగలేదు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ తలకి ఒక పట్టీ కడతారు. మనిషి ఒక మాట అనుకోగానే మెదడులో పుట్టే సన్నటి కరెంటు అలల్ని ఆ పట్టీ పట్టుకుంటుంది. పక్కనున్న కంప్యూటర్ వాటిని మాటలుగా పోల్చుకుని ఆ మనిషి పాత గొంతుతోనే స్పీకర్లో పలుకుతుంది. పైడితల్లి తల్లి నూకరత్నానికి పోయినేడు కుడిపక్క పడిపోయి నోరు మూగబోయింది. ఆస్పత్రివాళ్ళు చెబితే ఆ పెట్టె కొన్నారు. ఆమె పాత గొంతు ఎక్కడైనా రికార్డయి ఉంటే ఇమ్మని కంపెనీవాళ్ళు అడిగారు. దొరికినవన్నీ రేవులో బేరగాళ్ళు సెల్‌ఫోన్లలో తీసుకున్న వేలంపాట వీడియోలే. అందుకని నూకరత్నం మంచినీళ్ళడిగినా, దోమలు కుడుతున్నాయన్నా, చేపల కుప్ప పాడుతున్నట్టే వినపడేది.

ఆ ఇంట్లో నవ్వొచ్చే సంగతి అదొక్కటే. మిగతాదంతా ఒళ్ళు మండే సంగతి. ఆ పెట్టె నత్తకి పెద్దప్ప. నూకరత్నం ఒక మాట అనుకున్నాక అది స్పీకర్లోంచి బయటికొచ్చేసరికి ఎదుటివాడు బీడీ ముట్టించి రెండు దమ్ములు లాగేవాడు. జబ్బుమనిషి అన్నం అడగడానికి ఆ వేగం చాలునేమో. నూకరత్నం అన్నం అడుక్కునే మనిషి కాదు. ఇరవయ్యేళ్ళుగా దిబ్బరేవులో చేపలు పాడే మనిషి.

పాడటమంటే మాటలు కాదు. పడవ ఒడ్డుకి చేరి సరుకు కుప్ప పోయగానే పడవ యజమాని పాటగత్తె దగ్గరికి వచ్చి, తుండుగుడ్డ కింద ఆమె అరచేతిలో వేళ్ళతో నొక్కి ఒక ధర చెబుతాడు. దాన్ని అడుగుధర అంటారు. అంతకు తగ్గితే సరుకు ఇవ్వకూడదు. ఆ అంకె పాటగత్తెకీ యజమానికీ తప్ప మూడోవాడికి తెలియకూడదు. ఇక అక్కడి నుంచి ఆమె గొంతు ఆగదు. వీడి కన్ను చూసి, వాడి గడ్డం చూసి, ఊపిరి తిప్పుకోనివ్వకుండా ధర పైకి లాగాలి. నూకరత్నం పాడుతుంటే బేరగాడు జేబు తడుముకునేలోపే ధర రెండు మెట్లెక్కేది.

అలాంటి మనిషి వేసవిలో వేట నిషేధానికి ముందు ఒకసారి ఈ పెట్టె వేసుకుని రేవుకి వెళ్ళింది. కుప్ప అమ్ముడైపోయి, కొన్నవాడు బుట్టలకెత్తుకుంటుంటే, అప్పుడు పలికింది స్పీకరు: "ఎనిమిదేలూ, ఎనిమిదేలు..." అని. బేరగాళ్ళ పెద్ద పరసయ్య, రేవు సంఘానికీ అతనే పెద్ద, కడుపు పట్టుకుని నవ్వాడు. "నూకరత్నమ్మ నిన్నటి పాట ఈయేళ పాడతంది రోయ్," అన్నాడు. నవ్వినవాళ్ళలో ఆమె చేతి కూడు తిన్నవాళ్ళూ ఉన్నారు. నిషేధం ఎత్తేశాక మొదటి పడవల పాట పాడగలిగితే సరే, లేకపోతే ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని సంఘం తీర్మానించింది. చోటు పోతే మళ్ళీ రాదు. నూకరత్నం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పైడితల్లి మూత విప్పింది అందుకే. విప్పి చూస్తే లోపల ప్రాసెసర్ నాసిరకం కాదు. వేగం ఎంతకైనా పెంచుకోగలిగిన, తాళం లేని రకం. కంపెనీ ఖరీదైన మోడల్లో పెట్టేదీ అదే. దాన్ని తీసుకొచ్చి వేగం పెంచనివ్వని చవక బోర్డు మీద కూర్చోబెట్టి, పైన అప్పడమంత ఫ్యానొకటి బిగించారు. గుర్రాన్ని అమ్మి కాళ్ళకి బంధం వేసి పంపారన్నమాట. ఫోన్ చేస్తే కంపెనీ ఇంజినీరు, నిఖిలేశ్ అట, చల్లగా ఒకే ముక్క చెప్పాడు. "వేగం పెంచితే మా బాధ్యత ఉండదండి."

"మీ బాధ్యత ఎప్పుడుంది గనక," అని పైడితల్లి ఫోన్ పెట్టేసింది.

గవర్రాజు రెండో బోర్డు తీశాడు. పైడితల్లి దాన్ని వెలుతురుకి ఎత్తి, ప్రాసెసర్ కూర్చునే గూడు పక్కనున్న వెండిరంగు దిమ్మల్ని గోటితో గీకింది.

"ఇది లోహం కాదు. ప్లాస్టిక్ మీద రంగు."

"అందరూ అవే కొంటన్నారమ్మా."

"అందరి అమ్మలూ చేపలు పాడతారేంటి? వేగం పెంచామంటే ఈ ప్రాసెసర్ కరెంటు తాగేస్తది. దానికి కరెంటు పోసే భాగం ఇదే. ముందు ఇదే కాలుతుంది. దీని మీద దిమ్మ నిజం లోహమై ఉండాలి, చేతిలో పెడితే బరువు తెలియాలి. వేగం మార్చుకోనిచ్చే చిప్ ఉండాలి. అంతే నేనడిగేది. బొమ్మలొద్దు."

మూడోది నచ్చింది. నల్లగా, మొద్దుగా, ఒక్క లైటు కూడా లేకుండా ఉంది. బరువు చూసి ఆమె మొహం కాస్త తేటపడింది. కొనేవాళ్ళు లేక అటకమీద పడి ఉందని గవర్రాజు ఒప్పుకున్నాడు.

కూలర్ దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. గవర్రాజు ఇటుకంత ఎత్తున్న రేకుల గోపురం చూపించాడు. రెండు ఫ్యాన్లు, చెడిపోవడానికి పంపు లేదు, నమ్మకమైన సరుకు. పైడితల్లికీ మనసు దాని మీదే ఉంది. కానీ గొంతుపెట్టె ఇంట్లో కూర్చునేది కాదు, రోజూ ట్రాలీ ఆటోలో గోతుల్లోంచి రేవుకి పోయి రావాలి. ఆ గోపురం బరువంతా బోర్డుకి వేలాడి ఉంటే రెండు కుదుపులకి బోర్డు నెర్రె ఇస్తుంది. చివరికి నీళ్ళ కూలరే తీసుకుంది. ప్రాసెసర్ మీద చిన్న బిళ్ళ, దాన్నుంచి రెండు రబ్బరు గొట్టాలు, అవతల మూడు ఫ్యాన్లున్న పొడుగాటి రేడియేటరు. దాన్ని పెట్టె బయట ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

"ఉప్పుగాలికి ఎన్నాళ్ళుంటాదంటారు?" అంది.

"పూచీ ఇవ్వలేనమ్మా."

"మీరూ ఆ కంపెనీలో చేరిపోండి. అక్కడా ఇదే పాట," అని డబ్బులు బల్లమీద కొట్టి సామాను సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి బోర్డు మీద తడి దిగకుండా, గూటి చుట్టూరా గోళ్ళరంగు పూసింది. పాత బోర్డు మీంచి ప్రాసెసర్ ఊడదీసుకుని, ఆ బోర్డుని దొడ్లోకి విసిరేస్తే కోళ్ళు బెదిరిపోయాయి. ప్రాసెసర్ని కొత్తదాని మీద బిగించి, కంపెనీ మాటల ప్రోగ్రాముని అందులోకి ఎక్కించి, వేగం ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోయింది. రెండుసార్లు పెట్టె చచ్చిపడింది. యర్రయ్య గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ, "దానికేటి కావాలే పైడీ?" అని అడిగాడు.

"చల్లదనం మావయ్యా. చల్లగా ఉన్నంతసేపూ ఎంత పరుగైనా తీస్తది. వేడెక్కితే నడక."

"మనకి చల్లదనానికేటి కరువు," అన్నాడు యర్రయ్య. ఆయన ఐసు ఫ్యాక్టరీలో కూలి. పైడితల్లి ఆ మాట వినిపించుకోలేదు. వినిపించుకుని ఉంటే కథ ఇంకోలా ఉండేది.

బోర్డులో ఒక ఏర్పాటు ఉంది. ప్రాసెసర్ ఎంత చల్లగా ఉంటే వేగం తనంతట తానే అంత పెంచుకుంటుంది. పైడితల్లి ఆ ఏర్పాటు తెరిచి వదిలేసింది. ఎండ మండే మధ్యాహ్నం కూడా తల్లి మాట ఇంచుమించు మామూలు మనిషి మాటలా వచ్చింది.

"ఒలే పైడీ," అంది స్పీకరు, అనుకున్న మరుక్షణమే. నూకరత్నం ఎడమచేత్తో కూతురి మొహమంతా తడిమింది. "ఎన్నాళ్ళయిందే నిన్ను తిట్టి."

"తిట్టు మరి."

తిట్టింది. కడుపునిండా తిట్టింది. పైడితల్లి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ సంబరం రెండ్రోజులు కూడా నిలవలేదు. ఒక వేకువజామున వానపడి సముద్రంమీంచి చలిగాలి వీస్తోంది. కిటికీ తీసి ఉంది. పైడితల్లి తల్లిచేత పాట సాధన చేయిస్తోంది. "ఇంకొకసారి. వంద, నూటపది. ఇంకొకసారి. పట్టీ సరిగా కూర్చోలేదు, ఉండు. మళ్ళీ." పదోసారో పన్నెండోసారో అయ్యాక స్పీకరు ఉన్నట్టుండి అంది: "నీకు నా మాట అక్కర్నేదే. నీ పంతం నెగ్గాల. నా నోరు బాగుసేత్తన్నట్టు నేదు, ఆ కంపినీవోడి మీద కచ్చ తీర్సుకుంటన్నావు."

నూకరత్నం కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమచెయ్యి గాలిలో అడ్డంగా ఊపింది.

పైడితల్లి స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టింది. ఉద్యోగాలు మానుకుని, పెళ్ళి మాట మానుకుని, ఏడాదిగా ఈ మనిషికి ముద్ద కలిపి పెట్టి, ఒళ్ళు తుడిచి, వీపున పుండు పడకుండా పక్క మార్చిన కూతురికి దక్కిన మాట ఇది. ఒళ్ళు మండకపోతే అది మనిషి జన్మే కాదు. ఆ ఉదయమంతా పెట్టెతో మాట్లాడింది గానీ తల్లితో మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఎండెక్కాక పెట్టె మామూలు వేగంలో అంది: "అనాలని అన్నేదే."

"నోట్లోంచి వచ్చాక అనాలని అనలేదంటే ఎలాగ? ఆ మాట పెట్టె పుట్టించిందా?"

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. "నేదు. నాదే," అంది.

"అయితే మరి ఊరుకో."

అలా ఒకరితో ఒకరు ముభావంగానే మొదటి పాట రోజుకి వచ్చారు.

ఆ పొద్దున రేవు తిరునాళ్ళలా ఉంది. రెండు నెలల తరవాత పడవలు నిండుగా వచ్చాయి. రేకుల షెడ్డు కింద వంజరాలు, చందువాలు, రొయ్యలు కుప్పలు పోశారు. నూకరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తలకి పట్టీ కట్టి, గొంతుపెట్టెని పక్కన బల్లమీద పెట్టి, షెడ్డు స్తంభానికున్న ప్లగ్గులో తీగ గుచ్చింది పైడితల్లి. ఎండ అప్పుడే రేకుల్ని కాలుస్తోంది. స్క్రీను మీద వేడి అంకె పెరుగుతుంటే ఆమె గొణుక్కుంది: "ఇదెక్కడి ఉక్కపోతరా నాయనా. ఇలాగైతే నడకలోకి దిగిపోతది."

పడవ యజమాని సింహాద్రి వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా అతని సరుకంతా పాడింది నూకరత్నమే. మనిషి ముక్కోపి. సంఘంలో అందరూ వద్దన్నా మొదటి కుప్ప ఆమెకే ఇచ్చాడు. తుండుగుడ్డ ఆమె ఎడమచేతి మీద కప్పి, వేళ్ళు నొక్కి అడుగుధర చెప్పాడు. నూకరత్నం తల ఊపింది.

పాట మొదలైంది. "ఇరవయ్యీ, ఇరవయ్యేలు, ఎవుడ్రా అక్కడ, ఈపు సూపించకు, మొకం సూపించి పాడు..." ఆ గొంతు విని షెడ్డు అవతలి చివర ఐసు కొడుతున్న ఆడవాళ్ళు కూడా పని ఆపి వచ్చారు. పరసయ్య మొహంలో నవ్వు కాస్త వాడింది. పైడితల్లి ఛాతీ ఉబ్బిపోయింది. అప్పుడు, పాట ఇంకా ఊపందుకోకముందే, వేడి అంకె గీత దాటింది, మాట కాస్త వెనకబడింది. "ఇరవయ్యారూ..." కి ముందు ఒక ఖాళీ. ఎవడో కిసుక్కుమన్నాడు.

యర్రయ్య అది చూశాడు. మేనకోడలు మాట ఆయనకి గుర్తుంది. చల్లగా ఉంటే పరుగు, వేడెక్కితే నడక. గబగబా వెళ్ళి తట్టెడు ఐసుముక్కలు తెచ్చి చేపల ట్రేలో పోసి, రేడియేటర్ని తీసి దానిమీద పడుకోబెట్టి, పైన ఇంకో దోసెడు కప్పాడు. చేప పాడవకుండా ఏం చేస్తారో అదే చేశాడు. రేవులో పుట్టిపెరిగిన మనిషికి అంతకంటే మంచి ఆలోచన ఎలా వస్తుంది?

పైడితల్లి కళ్ళముందే వేడి అంకె జారిపోయింది. వేగం అంకె ఆమె ఎన్నడూ చూడనంత పైకెక్కింది. "శెభాష్ మావయ్యా," అంది.

నూకరత్నం గొంతు ఉరికింది. "ఇరవయ్యెనిమిది, తొమ్మిది, ముప్ఫై, పరసయ్య ముప్ఫై, ఆ ముప్ఫై కాడే ఆగిపోతావేటి, సింహాద్రి ముప్ఫైరెండుకి ఇచ్చీమన్నాడు..."

బేరగాళ్ళ తలలన్నీ ఒక్కసారి సింహాద్రి వైపు తిరిగాయి. నూకరత్నం కుర్చీలో కొయ్యబారిపోయింది. ఇరవయ్యేళ్ళలో అడుగుధర ఆమె నోటినుంచి ఏనాడూ జారలేదు. తాగించి అడిగినా, కాళ్ళట్టుకుని అడిగినా చెప్పని మనిషి ఆమె.

"ముప్ఫై రెండు," అన్నాడు పరసయ్య తీరిగ్గా. ఇంకెవరూ పైకి పాడలేదు. ఎందుకు పాడతారు?

"నా కొంప ముంచీసినావు కదే," అని సింహాద్రి తుండుగుడ్డ నేలకేసి కొట్టాడు. "నలభైకి పోయే సరుకే అది. నమ్మి ఇచ్చినందుకు నాకు సెప్పుదెబ్బ."

పరసయ్య నవ్వాడు. వేసవిలో నవ్విన నవ్వే. ఆ నవ్వు చూసి నూకరత్నం ఎడమచెయ్యి ఎత్తి తన నోరు గట్టిగా మూసుకుంది. నోరు మూసుకునే ఉంది. స్పీకరు మాట్లాడుతోంది.

"నవ్వుతన్నావా పరసయ్యా. నలబై ఎవుడు పాడతాడు? తెల్లారకముందే టీబడ్డీ కాడ కూకుని ఏ కుప్ప ఎవుడు కొనాలో నువ్వూ మీ వోళ్ళూ పంచీసుకుంటారు. ఇక్కడికొచ్చి పాడినట్టు నటిత్తారు. ఇరవయ్యేళ్ళ నుంచీ సూత్తన్నాను. నేను అరుత్తుంటే నువ్వు అరవకముందే నాకు తెలుసు నువ్వెక్కడ ఆగుతావో. ఈ రేవులో పాట నేదు, ఒట్టి డప్పు. ఆ డప్పు నేను."

నూకరత్నం వేళ్ళు బుగ్గల్లోకి దిగిపోయేలా నొక్కుకుంటోంది. ఆ చెయ్యి చూసి పైడితల్లికి బుర్రలో ఏదో తెగిపడ్డట్టయింది. వేకువజాము, చలిగాలి, గాలిలో అడ్డంగా ఊగిన అదే చెయ్యి. మనిషి నోటిదాకా వచ్చిన మాట అనదు, మింగుతుంది. అమ్మ మింగేలోపే ఈ పెట్టె కక్కేస్తోంది. చల్లబడేకొద్దీ తొందర ఎక్కువ. తన చేతులతో తనే బిగించింది.

"మావయ్యా, ఐసు తియ్యి," అని అరుస్తూ ట్రే మీద పడింది. రెండు చేతులతో ఐసు తోడి పారేస్తుంటే నూకరత్నం నోటిమీంచి చెయ్యి తీసి కూతురి మణికట్టు పట్టుకుంది.

"ఒగ్గీ," అంది స్పీకరు.

వదిలెయ్యమని అమ్మ అన్నదో, అమ్మ మింగబోతే పెట్టె అన్నదో పైడితల్లికి తెలియలేదు. పట్టు మాత్రం ఇనుపపట్టు. స్పీకరు సాగిపోయింది. ఎవరెవరికి ఏ కుప్ప పంచారో, పోయినేడు తుఫానప్పుడు చనిపోయినవాళ్ళ పడవల్ని ఎంతకి కొట్టేశారో, పేర్లతో సహా. మధ్యలో సింహాద్రి కుప్ప అడుగున నిన్నటి చేప ఉందని కూడా. చుట్టూ ఉన్న పడవలవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు పరసయ్య స్తంభం దగ్గరికి నడిచివెళ్ళి ప్లగ్గు పీకేశాడు. గొంతు సగం మాటమీద తెగిపోయింది.

"పిచ్చెక్కిన మిసన్ని తెచ్చి రేవు పరువు తీత్తారా," అన్నాడు. "ఈ పెట్టె ఇంకొకసారి షెడ్డులో కనిపిత్తే సముద్రంలో పారేయిత్తాను. నోరుంటే వచ్చి పాడమను."

"నోరు లేని మనిషి అంటేనే ఇంత భయపడ్డావు," అంది పైడితల్లి. పీకేసిన తీగ చుట్టుకుని తల్లి తలమీంచి పట్టీ విప్పింది.

ఇంటికి చేరి, తడిసిన రేడియేటరు ఎండలో పెట్టి, కంపెనీకి ఫోన్ చేసింది. అదే నిఖిలేశ్. జరిగింది చెబితే అతను కాగితం చూసి చదువుతున్నట్టు చెప్పాడు. మనిషి ఒక మాట అనుకున్నాక, వద్దని మింగేస్తే, ఆ మింగుడు మెదడులో కాస్త ఆలస్యంగా పుడుతుందట. ఈ చవక మోడల్ని నిదానంగా నడిపేది దాన్ని పట్టుకోవడానికేనట. ఖరీదైన మోడల్లో ఆ పనికి వేరే చిప్ ఉంటుందట.

"మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క చెప్పడానికి నీకు నోరు లేదా? నీకూ పక్షవాతమా?"

"అది కంపెనీ రహస్యం అండి. బయట చెప్పకూడదు."

"మా అమ్మ రహస్యాలు రేవంతా విన్నది. మీ రహస్యం మాత్రం భద్రంగా దాచుకున్నారు. మాట ఒకరికి అమ్మి, మింగుడు ఇంకొకరికి అమ్ముకునే బతుకూ ఒక బతుకేనా?"

అవతల ఫోన్ పెట్టేశారు. పైడితల్లి తిట్టాల్సినవి ఇంకా సగం మిగిలిపోయాయి. అవి ఎవర్ని తిట్టాలో తెలియక గోడని తిట్టింది, గోళ్ళరంగుని తిట్టింది. యర్రయ్య గుమ్మంలో తలవంచుకుని కూర్చుంటే ఆయన్ని మాత్రం ఏమీ అనలేకపోయింది. పాపం, ఆయన చెప్పిందే చేశాడు. వేగం అంకెని బాగా కిందికి లాగి, పాత నిదానానికి దగ్గరగా పెట్టి, తల్లి తలకి మళ్ళీ పట్టీ కట్టింది.

పొద్దు వాలుతుండగా సింహాద్రి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వాకిట్లో నిలబడే అరిచాడు.

"ముప్ఫై రెండు సంగతి ఒగ్గీ. అది మిసను తప్పన్నారు, పోనీ. ఇరవయ్యేళ్ళ సంగతి సెప్పు. ఆళ్ళు నా నోటికాడ కూడు లాగీసుకుంటన్నారని తెలిసీ, రోజూ నా సెయ్యట్టుకుని అడుగుధర తెలుసుకుని, ఊరుకున్నావా నూకరత్నమ్మా?"

నూకరత్నం అతని మొహంకేసి చూసింది. పెట్టె నిదానంగా ఉంది. సింహాద్రి ఎదురుచూశాడు. ఆ ఖాళీలో ఆమె ఏ అబద్ధమైనా అల్లుకోవచ్చు, ఏ మాటైనా మింగేయొచ్చు.

"ఊరుకున్నాను," అంది స్పీకరు. కాసేపటికి మళ్ళీ, "నోరిప్పితే నా సోటు పోతాదని బయపడ్డాను. ఆ సోటు కోసమే కదా ఇదంతా సేసినాం. తప్పు నాదే."

సింహాద్రి అరుగుమీద కూలబడ్డాడు. తిట్టడానికి వచ్చినవాడికి ఎదుటిమనిషి తప్పు ఒప్పేసుకుంటే ఇంకేం మిగులుతుంది? తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"పడవలోళ్ళందరం ఒకకాడ సేరినాం," అన్నాడు చివరికి. "సంఘం షెడ్డు సంఘానికే ఉండనీ. రేపటి నుంచి సరుకు ఇసకలోనే పోత్తాం. నువ్వొచ్చి పాడాల. అడుగుధర నీకు సెప్పం. ఏది నీ సెవిన పడితే అది బైటికొచ్చీద్ది గదా, అందుకని." లేచి నిలబడి, వెళ్తూ వెనక్కి తిరిగాడు. "కరెంటుకి నా పడవ జనరేటరు పెడతాను. మంచు నేనే తెత్తాను. పరసయ్య ఎదరకొచ్చినప్పుడు బాగా ఎయ్యండి."

అతను వెళ్ళాక పైడితల్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. రేపటికి బోర్డు సరిచూడాలి, పంపు చప్పుడు వినాలి, కొత్త గోళ్ళరంగు పూయాలి. చేతులు పని చేస్తున్నాయి గానీ ఆ వేకువజాము మాటే చెవుల్లో తిరుగుతోంది. నీ పంతం నెగ్గాల. అబద్ధమైతే ఇంత మండేది కాదు. కంపెనీవాడు బాధ్యత లేదన్న పని చేసి చూపించాలనే కదా, తల్లి అలిసిపోయినా పన్నెండుసార్లు పాడించింది?

"రేపు రేవులో మంచు ఎయ్యే," అంది స్పీకరు వెనకనుంచి. "ఎంత కావాలంటే అంత."

"సరే."

"ఇంటికొచ్చాక తీసీ. ఇలాగే ఉంచు. నిదానంగా."

పైడితల్లి వెనక్కి తిరిగింది. "ఎందుకమ్మా? ఇంట్లో గబగబా తిట్టుకోవచ్చు కదా."

నూకరత్నం పెదవులు కదలలేదు. కళ్ళు మాత్రం కూతురి మొహం మీదే ఉన్నాయి. పంపు గురగురమంటోంది. బయట యర్రయ్య చుట్ట ముట్టించుకున్నాడు, ఒక దమ్ము లాగాడు, రెండోది కూడా లాగాడు.

"ఆళ్ళ కాడ మింగడానికి నాకింక ఏటీ మిగల్నేదే," అంది స్పీకరు. "నీ కాడ మింగాల్సినవి సేనా ఉన్నాయి."

పైడితల్లి మౌసు మీద చెయ్యి వేసి వేగం ఇంకో మెట్టు తగ్గించింది.